ఏడాది మొత్తం వాన తగ్గకపోయినా నీటికి కటకట ఎందుకు?

మీ ప్రశ్నలో మూడు సందేహాలున్నాయి. వేడి పెరిగితే సముద్రాల నుంచి ఎక్కువ నీరు ఆవిరై వానలు పెరగాలి కదా, మరి కరువు పెరుగుతుందని ఎందుకంటారు? కొండల మీద మంచుగా పడాల్సింది వానగా పడితే నష్టమేమిటి, పడిన నీరు అంతే కదా? వరదలు ఎక్కువైతే జలాశయాలు నిండుతాయి కదా, ఇక కొరత ఎక్కడిది?

మూడూ సబబైన సందేహాలే. జలాశయాలకు వచ్చే నీటిని ముందుగా అంచనా కట్టే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ని. ఇవే మాటలు అనుభవమున్న ఇంజనీర్ల నోటా విన్నాను. ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్న అంకె ఒక్కటే పట్టుకుంటే వీటిలో దేనికీ జవాబు దొరకదు. ఆ నీరు ఎప్పుడు వచ్చింది, ఎంత ఉరవడిగా వచ్చింది, వచ్చాక ఎక్కడ ఆగింది అన్నవి చూడాలి. వేడి దెబ్బ ప్రధానంగా తగులుతున్నది వీటి మీదే.

మొదటి సందేహానికి కొంచెం భౌతికశాస్త్రం కావాలి. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది పట్టి ఉంచగల నీటి ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. ఇది 19వ శతాబ్దం నుంచి తెలిసిన సూత్రం, ఇందులో వివాదం లేదు. అయితే ప్రపంచమంతటా ఏడాదిలో కురిసే వాన, మంచు కలిపి డిగ్రీకి 1 నుంచి 3 శాతమే పెరుగుతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక చెబుతోంది. ఎందుకీ తేడా? ఆవిరి చినుకుగా మారేటప్పుడు బోలెడంత వేడి విడుదలవుతుంది. వాతావరణం ఆ వేడిని అంతరిక్షంలోకి వదిలించుకుంటేనే మళ్లీ ఆ మేరకు వాన కురవగలదు, ఆ వదిలించుకునే వేగానికి ఒక హద్దుంది. ఆ హద్దు భూగోళం మొత్తానికే గానీ ఒక్కో తుపానుకు కాదు. తుపాను వందల కిలోమీటర్ల మేర ఆవిరిని లాక్కుని ఒక్కచోట కుమ్మరించగలదు. అందుకే ఒక్కరోజులో పడే అతి భారీ వానల తీవ్రత డిగ్రీకి 7 శాతం చొప్పున పెరుగుతుంటే, మొత్తం మాత్రం 2 శాతం దగ్గర తచ్చాడుతోంది. కరువూ వరదా రెండూ పుట్టేది ఈ రెండు అంకెల నడుమ ఎడంలోనే. మొత్తంలో పెద్ద వానల వాటా పెరిగితే జల్లులకు మిగిలేది తక్కువ. ఒక వానకూ మరో వానకూ మధ్య పొడి రోజులు పెరుగుతాయి.

ఇక మంచు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచు కురవని ప్రాంతాల వాళ్లకు దీని విలువ వెంటనే తట్టదు. చలికాలంలో కొండ మీద పడిన మంచు అక్కడే పేరుకుని, ఎండలు ముదిరి పొలాలకూ ఊళ్లకూ నీరు అవసరమయ్యే వేళకు నిదానంగా కరుగుతుంది. ఆనకట్ట లేదు, గేట్లు లేవు, పూడిక బాధ లేదు, ముంపు గ్రామాల పరిహారం గొడవ అసలే లేదు. నిల్వా విడుదలా రెండూ ఉష్ణోగ్రతే చూసుకుంటుంది.

ఈ నిల్వను కొలిచే తీరు చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. మంచు లోతు ముఖ్యం కాదు, అందులో ఉన్న నీరు ముఖ్యం. కొత్తగా పడిన మంచు పది సెంటీమీటర్లు కరిగితే దక్కేది ఒక సెంటీమీటరు నీరే. వసంతానికి అణిగి గట్టిపడిన మంచులో అదే పది సెంటీమీటర్లకు నాలుగైదు దక్కుతాయి. అందుకని కిందివైపు అంచుకు రంపపు పళ్లున్న అల్యూమినియం గొట్టాన్ని మంచులోకి నిటారుగా గుచ్చి, తిప్పుతూ నేల తగిలేదాకా దించుతారు. పైకి తీసినప్పుడు అడుగున కాస్త మట్టి అంటుకుని ఉంటే పూర్తి లోతు దక్కినట్టు. ఆ మట్టిని చాకుతో గీకేసి, గొట్టాన్ని స్ప్రింగు త్రాసుకు వేలాడదీస్తారు. ఖాళీ గొట్టం బరువు తీసేస్తే మిగిలేది నీటి బరువు. గొట్టం లోపలి వ్యాసం 1.485 అంగుళాలు. ఒక ఔన్సు బరువు తూగితే ఒక అంగుళం నీరు ఉన్నట్టు లెక్క కుదిరేలా ఆ కొలత పెట్టారు. చలికి వేళ్లు కొంకర్లు పోయిన మనిషి కాగితం మీద గుణకారాలు చేసుకోనక్కర్లేదు. ఈ పద్ధతికి ఆద్యుడు జేమ్స్ చర్చ్. ఆయన ఇంజనీరు కాదు, అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయంలో లాటిన్ చెప్పే ఆచార్యుడు. వందేళ్ల కిందట మౌంట్ రోజ్ పర్వతం ఎక్కి మంచు తూచి, తాహో సరస్సు ఆ ఏడాది ఎంత పెరుగుతుందో ముందే చెప్పేవాడు. మా వృత్తికి ఇంత ఉపకారం చేసింది ఒక భాషా పండితుడన్నది నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఆ తాహో సరస్సును ఆనుకుని ఉన్న సియెరా నెవాడా పర్వతాల మంచు కాలిఫోర్నియా నీటి అవసరాల్లో దాదాపు 30 శాతం తీరుస్తుంది. అక్కడ ఏటా ఏప్రిల్ 1 నాటి మంచు నిల్వే ఆధారం. 2015 ఏప్రిల్ 1న ఆ నిల్వ సగటులో 5 శాతం. మామూలు ఏడాదిలో మనిషి లోతు మంచు ఉండే కొలతల స్థలంలో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఎండుగడ్డి మీద నిలబడి, పట్టణాల నీటి వాడకంలో 25 శాతం కోత ప్రకటించాల్సి వచ్చింది.

మీ రెండో సందేహానికి సూటి జవాబు మాత్రం అదే ఏడాది అదే తీరాన ఉత్తరాన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. అక్కడ ఆ చలికాలంలో ఆకాశం నుంచి పడిన నీరు దాదాపు మామూలే. కానీ చలి చాలలేదు, పడింది వానగా పడింది. ఆ వాన అప్పటికప్పుడే నదుల్లోకి జారి సముద్రం చేరింది. మే నెల కల్లా రాష్ట్రమంతటా కరువు ప్రకటించారు. వాన లోటు లేని కరువు అది. ఏడాది జీతమంతా జనవరిలోనే చేతికిచ్చి, దాచుకోవడానికి చిన్న డబ్బా ఒక్కటి ఇచ్చి, అందులో పట్టనిది పారబోయమంటే ఆగస్టులో ఇల్లు ఎలా గడుస్తుందో ఊహించుకోండి. మొత్తం జీతంలో పైసా తగ్గలేదు.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అంటే ఒక డిగ్రీ వేడెక్కితే వాన మంచుగా మారే గీత కొండ మీద దాదాపు 150 మీటర్లు పైకి జరుగుతుంది. వినడానికి ఇది చిన్న దూరమే. అయితే పర్వతం కింద వెడల్పు, పైన సన్నం. ఆ గీత పైకి జరిగినప్పుడు మంచు పట్టే విస్తీర్ణంలో పోయేది ఎక్కువ వైశాల్యమున్న కింది భాగమే. పైగా తెల్లటి తాజా మంచు తన మీద పడిన సూర్యకాంతిలో 80 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది. మంచు పోయి నేల బయటపడితే ఆ వేడంతా నేలే పీల్చుకుని పక్కనున్న మంచును కూడా తొందరగా కరిగిస్తుంది.

అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందా అంటే కాదు. చలికాలపు సగటు ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీలకన్నా బాగా కిందనున్న చోట ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా మంచు పెద్దగా తగ్గదు. గాలిలో తేమ పెరగడం వల్ల కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువే పడొచ్చు. ఆ మైనస్ 8 హద్దు దాటి వెచ్చగా ఉన్న చోట్ల మాత్రం ప్రతి డిగ్రీకీ నష్టం అంతకంతకూ పెరుగుతుందని 2024లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. చిక్కేమిటంటే జనం ఎక్కువగా ఆధారపడిన కొండలు చాలావరకు ఆ వెచ్చని వైపునే ఉన్నాయి. కాబట్టి ఎక్కడో రికార్డు స్థాయిలో మంచు కురిసిందన్న వార్త చూపించి భూతాపం ఉత్తమాట అనేవాళ్లతో నేను వాదనకు దిగను. ముందు ఆ ఊరి చలికాలపు సగటు ఎంతో అడుగుతాను.

హిమానీనదాల సంగతి వేరు, చాలామంది వీటిని ఏటా పడే మంచుతో కలిపేస్తారు. ఇవి శతాబ్దాల నిల్వ. వేడెక్కినప్పుడు మొదట వీటి నుంచి వచ్చే నీరు పెరుగుతుంది. దిగువన ఉన్నవాళ్లు నదిలో నీరు బాగుందని కొత్త ఆయకట్టు కూడా వేసుకుంటారు. మంచుగడ్డ ఒక స్థాయికి కుంచించుకుపోయాక కరగడానికి సరుకే ఉండదు, ప్రవాహం అక్కడి నుంచి దిగజారుతుంది. పెరూలోని కార్డిల్లెరా బ్లాంకా పర్వతాల కింది నదులు చాలావరకు ఆ శిఖర దశ దాటిపోయాయి. బొలీవియాలోని చకల్తాయా హిమానీనదం 2009లో పూర్తిగా మాయమైంది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో మోసపూరితమైన దశ ఇదే. నష్టం మొదలైన కాలమే సమృద్ధిగా కనిపిస్తుంది.

హిమాలయాల విషయంలో భయపెట్టే మాటలు ఎక్కువ వినిపిస్తాయి. 2035 నాటికి అక్కడి హిమానీనదాలన్నీ అంతరిస్తాయని ఐపీసీసీ 2007 నివేదికలో ఒక వాక్యం దొర్లింది. అది పొరపాటని 2010లో ఆ సంస్థే ఒప్పుకుంది. అంతమాత్రాన అక్కడ అంతా బాగుందని కాదు. పర్వత ప్రాంతాల మీద పరిశోధన చేసే ఖాట్మండులోని ఇసిమోడ్ సంస్థ 2023 అంచనా ప్రకారం హిందూకుష్–హిమాలయ హిమానీనదాలు 2011–2020 దశకంలో అంతకు ముందు దశకం కంటే 65 శాతం వేగంగా కరిగాయి. అయితే అన్ని నదులకూ దెబ్బ ఒకేలా ఉండదు. సింధు నది మంచు మీదా హిమానీనదాల మీదా బాగా ఆధారపడింది. గంగ దిగువ ప్రాంతంలో చాలావరకు రుతుపవనాల నది. హిమానీనదాలు పోతే గంగ ఎండిపోతుందని రాసే వ్యాసాలను నమ్మకండి. వానాకాలానికి ముందు వేసవి నెలల ప్రవాహం పలచబడుతుందన్నది మాత్రం గట్టి ఆందోళనే. ఇంకో ప్రమాదం వెంటనే ఎదురుగా ఉంది. కరిగిన నీరు రాళ్లూ మట్టీ అడ్డుపడిన చోట సరస్సుగా నిలిచి, ఒకరోజు కట్ట తెంచుకుంటుంది. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ ల్హోనాక్ సరస్సు అలాగే తెగి, చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు ఆనకట్టను ఊడ్చుకుపోయింది.

కరువు అనగానే వాన పడకపోవడమే అనుకుంటాం. లెక్కలో రెండో పద్దు కూడా ఉంది, అది ఆకాశం తిరిగి తీసుకునే నీరు. వేడి గాలి ఇంకా ఎక్కువ ఆవిరిని పట్టగలదు కాబట్టి నేల నుంచి, ఆకుల నుంచి, జలాశయాల ఉపరితలం నుంచి ఎక్కువ నీరు గుంజుకుంటుంది. వాన అంతే పడినా మిగిలేది తక్కువ. ఆ పద్దు ఎంత పెద్దదో చూడాలంటే అమెరికాలోని కొలరాడో నది చూడండి. 2021లో ఎగువ పరీవాహకంలో మంచు నిల్వ సగటులో 90 శాతానికి దగ్గరగానే ఉంది. కాగితం మీద చూస్తే నదికి ఢోకా లేదనాలి. కానీ అంతకు ముందటి వేసవి, శరత్కాలం పొడిగా గడిచి నేల లోతుల దాకా ఎండిపోయి ఉంది. కరిగిన మంచును ముందు ఆ నేల తాగింది, కొంత గాలి తాగింది. ఏప్రిల్ నుంచి జులై వరకు ఆ నది మీదున్న పవెల్ జలాశయానికి చేరింది సగటులో మూడో వంతు కూడా లేదు. మంచు కొలతను బట్టి ప్రవాహం చెప్పే మా పాత సూత్రాలు ఎక్కడ తడబడుతున్నాయో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే వాడతాను.

ఆ నది కథలో మరో పాఠముంది. 1922లో ఏడు రాష్ట్రాలు నీళ్లు పంచుకున్నాయి. ఎగువ, దిగువ భాగాలకు చెరి 75 లక్షల ఎకరా-అడుగులు, అంటే చెరి 327 టీఎంసీలు. తర్వాత 1944లో మెక్సికోకు మరో 65 టీఎంసీలు ఒప్పుకున్నారు. అప్పుడు చేతిలో ఉన్న రికార్డు కొద్ది దశాబ్దాలది, అవి అసాధారణంగా తడి సంవత్సరాలు. అంటే నదిలో ఎప్పుడూ నమ్మకంగా లేని నీటిని పంచేసుకున్నారు. 2000 తర్వాత ప్రవాహం గత శతాబ్దపు సగటు కంటే సుమారు 20 శాతం తగ్గింది, ఆ తగ్గుదలలో పెద్ద వాటా వేడిదే. 2022 జులైలో అదే నది మీదున్న మీడ్ జలాశయం సామర్థ్యంలో 27 శాతానికి పడిపోయింది. తొలిసారి నిండుతూ ఉన్న 1937 తర్వాత అంత కింద ఎప్పుడూ లేదు. చెట్ల వలయాల ఆధారంగా చూస్తే 2000–2021 మధ్య కాలం నైరుతి ఉత్తర అమెరికాలో కనీసం క్రీ.శ. 800 నుంచి గడిచిన ఏ 22 ఏళ్ల కాలం కన్నా పొడిది. నదీ జలాల తగాదా ఏ దేశంలో ఉన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: పంపకానికి ఆధారమైన ప్రవాహపు అంకె ఏ సంవత్సరాలది?

ప్రతి కరువునూ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం కూడా తప్పే. 2019–2021లో దక్షిణ మడగాస్కర్‌ను ఆకలితో అల్లాడించిన కరువులో భూతాపం పాత్ర స్వల్పమని, అది చాలావరకు సహజమైన హెచ్చుతగ్గుల్లో భాగమేనని శాస్త్రవేత్తలు తేల్చారు. 2020 చివరి నుంచి వరుసగా ఐదు వానకాలాలు విఫలమైన తూర్పు ఆఫ్రికాలో మాత్రం అదే పద్ధతితో లెక్క కడితే వేడి వల్ల పెరిగిన ఆవిరి లేకుండా అంత తీవ్రత వచ్చేది కాదని తేలింది. ఒక్కో సంఘటననూ విడిగా తూచాల్సిందే.

ఇప్పుడు వరద. 2021 జులై 20న చైనాలోని ఝెంగ్‌ఝౌలో ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. సొరంగ రైలు మార్గంలోకి నీరు దూసుకొచ్చి ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. ఏ ఊరి మురుగు కాలువలూ ఆ వేగానికి కట్టినవి కావు. బంకమట్టి నేలలు గంటకు కొన్ని మిల్లీమీటర్లకు మించి ఇంకించుకోలేవు, ఇసుక నేలలు ముప్ఫై, అంతకు మించి కూడా తీసుకుంటాయి. మిగిలింది ఎక్కడికి పోతుంది? మీరు అడిగినట్టు జలాశయాలకే పోతుందనుకుందాం.

అయితే భారీ వానలు పెరిగినంత మాత్రాన నదీ వరదలన్నీ పెరగవు. యూరప్‌లో 1960–2010 మధ్య నదుల రికార్డులు పరిశీలిస్తే వాయవ్య ప్రాంతంలో వరదలు పెరిగాయి. దక్షిణాన నేల ముందే ఎండిపోయి ఉండటంవల్ల, తూర్పున మంచు తగ్గడంవల్ల తగ్గాయి. పెద్ద నదికి రోజుల తరబడి పడే వాన ముఖ్యం. ఊరి వాగుకూ మురుగు కాలువకూ గంటలో పడే వాన ముఖ్యం. వేడికి ఎక్కువగా పదునెక్కుతున్నది రెండోదే.

జలాశయం సంగతికి వద్దాం. వరదనూ కొరతనూ ఒకే కట్టతో ఎదుర్కొనే ప్రతి జలాశయానికీ ఒక పీటముడి ఉంది. వరద నుంచి కాపాడాలంటే ఖాళీగా ఉండాలి, నీళ్లివ్వాలంటే నిండుగా ఉండాలి. అందుకని ఏ తేదీకి నీటిమట్టం ఎంతకు మించకూడదో చెప్పే రూల్ కర్వ్ ఒకటి రాసి పెడతారు. కాలిఫోర్నియాలో మెండొసినో సరస్సుకు ఆ నియమం 1950లలో రాసింది. 2012 డిసెంబరులో సముద్రం మీద నుంచి నదిలా సాగివచ్చిన తేమ ప్రవాహం కుండపోతగా కురిసి జలాశయంలోకి నీరు పోటెత్తింది. తర్వాతి వరదకు చోటు ఉంచాలన్న నియమం ప్రకారం దాదాపు 25 వేల ఎకరా-అడుగులు, అంటే ఒక టీఎంసీకి కాస్త పైన, దిగువకు వదిలేశారు. తర్వాతి వరద రాలేదు. 2013 ఆ రాష్ట్ర చరిత్రలోనే అతి తక్కువ వాన పడిన సంవత్సరమైంది. గేట్లు ఎత్తినవాళ్లను తప్పుపట్టడానికి లేదు, నియమం పాటించారు. ఆ నియమం రాసిన రోజుల్లో ఐదు రోజుల ముందు వాన అంచనా వేసే ఉపగ్రహాలే లేవు. ఆ తర్వాత అక్కడ అంచనాలను బట్టి మట్టాన్ని సర్దుకునే పద్ధతి ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ముందు పెద్ద వాన సూచన లేకపోతే కొంత ఎక్కువ నీరు నిలుపుకుంటారు, ఉంటే ముందే వదులుతారు. 2020లో దానివల్ల సుమారు 11 వేల ఎకరా-అడుగులు అదనంగా మిగిలాయి. ఒక్క సిమెంటు బస్తా వాడకుండా దక్కిన అర టీఎంసీ అది.

కాలిఫోర్నియాలోనే ఇంకో జలాశయం ఓరొవిల్. 2017 ఫిబ్రవరిలో భారీ వానలకు ఎగువ మంచు కూడా కరిగి తోడై, అదనపు నీటిని బయటికి వదిలే స్పిల్‌వే కాంక్రీటు లేచిపోయింది. అత్యవసర స్పిల్‌వే కింద నేల కోసుకుపోతుంటే 1,88,000 మందిని హడావుడిగా ఖాళీ చేయించారు. 2023 సెప్టెంబరులో లిబియాలోని దెర్నా ఊరికి ఆ అదృష్టం లేదు. డేనియల్ తుపాను వానకు ఎగువ రెండు కట్టలూ తెగి వేల ప్రాణాలు పోయాయి. అక్కడ వాన ఒక్కటే దోషి కాదు, ఏళ్ల తరబడి మరమ్మతులు లేని కట్టలవి. పాత ఆనకట్టలను పాత వరదల లెక్కకు కట్టారన్న సంగతి గుర్తుంటే కొత్తవి కట్టాలన్న ఆరాటం కంటే ఉన్నవాటి స్పిల్‌వేలు చూసుకోవడం ముందు పని అనిపిస్తుంది. వరద తెచ్చే పూడిక సంగతి సరేసరి, అది ఏటా నిల్వలో కొంత శాశ్వతంగా తినేస్తుంది.

2015 డిసెంబరులో మునిగిపోయిన చెన్నై 2019 వేసవిలో రైలు వ్యాగన్లలో నీళ్లు తెప్పించుకుంది. రెండింటి మధ్య నాలుగేళ్లు కూడా లేవు. వరదల వల్ల కొరత తీరుతుందన్న వాదనకు ఈ ఒక్క ఊరు చాలు. అక్కడ వాతావరణంతో పాటు పూడ్చేసిన చెరువులూ చిత్తడి నేలలూ కూడా కారణమే. నీరు ఇంకడానికి చోటు లేనప్పుడు అతివృష్టి నీరు అనావృష్టికి పనికిరాదు.

అలాగని పెద్ద వానలు పూర్తిగా దండగ అనను. టాంజానియాలోని మకుటపోరా బావుల్లో 1955 నుంచి ఉన్న రికార్డు చూస్తే, భూగర్భ జలం ఏటా కొద్దికొద్దిగా కాక, కొన్ని భారీ వానల సంవత్సరాల్లోనే గుప్పున పెరిగింది. ఇసుక వాగులున్న పొడి ప్రాంతాల్లో కుండపోత నేలలోకి దిగగలదు. దిగడానికి దారి ఉండాలి, అంతే.

భూగర్భ జలాల్లో వాతావరణం చేసేదీ మనిషి చేసేదీ విడదీయడం కష్టం. వాన చాలని ఏడాది రైతు మోటారు ఎక్కువసేపు నడుపుతాడు, దాంతో కరువు దెబ్బ రెండింతలవుతుంది. 2002లో పంపిన గ్రేస్ ఉపగ్రహాల జంట సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి తిరుగుతూ, వాటి మధ్య దూరంలో మైక్రోమీటర్ల తేడాను బట్టి కింద నేలలో నీటి బరువు ఎంత తగ్గిందో పసిగట్టాయి. వాటి ప్రకారం వాయవ్య భారతం 2002–2008 మధ్య 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం కోల్పోయింది. అంటే దాదాపు 3,850 టీఎంసీలు. ఆ ఏళ్లలో అక్కడ వాన దాదాపు మామూలే. తప్పు ఆకాశానిది కాదు.

కుళాయి దాకా వచ్చేసరికి పరిమాణంతో పాటు నాణ్యత కూడా చెడుతుంది. వరద నీటిలో బురద పెరిగితే శుద్ధి కేంద్రాలు ఆపేయాల్సి వస్తుంది. వెచ్చని నిల్వ నీటిలో ఎరువులు చేరితే విషపు నాచు పెరుగుతుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా కుళాయి నీరు తాగొద్దన్నారు. మరిగిస్తే ఆ విషం పోదు సరికదా, ఇంకా చిక్కబడుతుంది. నదిలో ప్రవాహం పలచబడితే సముద్రం లోపలికి తోసుకొస్తుంది. 2022లో ఆల్ప్స్ పర్వతాల మంచు తగ్గి ఇటలీలోని పో నది చిక్కిపోయినప్పుడు ఉప్పునీరు డెల్టాలోకి పదుల కిలోమీటర్లు ఎగదన్నింది.

ఏం చేయవచ్చని మీరు అడగలేదు, అయినా రెండు మాటలు. నిల్వ ఒకే చోట పెట్టకూడదు. వరద నీటిని పొలాల్లో, పాత ఇసుక పొరల్లో ఇంకించడం పెద్ద కట్ట కంటే చాలాచోట్ల చవక, పైగా ఆవిరి నష్టం లేదు. వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ తాగడానికి జనం వెనకాడతారు గానీ, నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుంచి ఆ పని చేస్తోంది. మూడేళ్ల వరుస కరువుతో 2018లో కేప్‌టౌన్ కుళాయిలు కట్టేసే రోజును లెక్కించుకుంటూ మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టి గండం తప్పించుకుంది. వాడకం తగ్గించడం ఎంత దూరం తీసుకెళ్లగలదో అది చూపింది.

బిందు సేద్యం గురించి మాత్రం అందరూ చెప్పేంత ధీమాగా చెప్పలేను. పొలంలో నీరు ఆదా అయిన మాట నిజమే. అయితే ఇంతకాలం పొలం నుంచి జారి కింది బావులకూ వాగులకూ చేరిన నీరు కూడా ఆగిపోతుంది. మిగిలిన నీటితో రైతు మరో రెండెకరాలు వేస్తే పరీవాహకంలో మొత్తం ఖర్చు పెరుగుతుంది. తోడే నీటికి పరిమితి పెట్టకుండా పైపులకు సబ్సిడీ ఇస్తే నదికి ఒరిగేది తక్కువ.

మీ ప్రాంతపు నదిలో ఈ మార్పు ఉందో లేదో మీరే చూసుకోవాలనుకుంటే ఏడాది మొత్తం ప్రవాహం చూడకండి. ఏటా ప్రవాహంలో సగం ఏ తేదీకి దాటిపోయిందో గుర్తించి, ఆ తేదీలను వరుసగా గీయండి. మంచు మీద ఆధారపడిన నదుల్లో అది ముందుకు జరుగుతూ కనిపిస్తుంది. వాన నదులకైతే ఏడాది వానలో ఎంత శాతం అత్యధికంగా కురిసిన పది రోజుల్లో పడిందో లెక్కగట్టండి. బావుల రికార్డు దొరికితే వానాకాలానికి ముందటి మట్టాలు తీసుకోండి, వానలయ్యాక తీసినవి మభ్యపెడతాయి. కనీసం 30 ఏళ్ల రికార్డు కావాలి. ఎల్‌నినో, లానినా ఏళ్లను వేరే రంగుతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే పసిఫిక్ సముద్రపు ఊగిసలాటను చూసి వాతావరణ మార్పు అనుకునే ప్రమాదముంది. కొలత కేంద్రం మధ్యలో చోటు మారిందేమో, ఎగువన కొత్త ఆనకట్ట వచ్చిందేమో కూడా ముందే కనుక్కోండి. గీసిన పటం ఇక్కడ పెడితే చూసి చెబుతాను.